ఒకే కప్పు కింద పెట్ షాపు, దానికి తోడు వ్యాపారాలు: ప్రణాళిక వేసుకునే పద్ధతి

పెంపుడు జంతువుల ఆహారం, సామగ్రి అమ్మే దుకాణాన్ని జంతువులకు స్నానం, బొచ్చు కత్తిరింపు చేసే గ్రూమింగ్ సెలూన్, వెటర్నరీ క్లినిక్, శిక్షణ కేంద్రం వంటి వాటితో కలిపి ఒకే స్థలంలో నడపాలనుకునేవారు చాలావరకు అద్దె ఎలా పంచుకోవాలన్న దగ్గరే లెక్కలు మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది: ఒక వ్యాపారానికి వచ్చే జంతువు వాసన, అరుపు, ఒంటిమీది క్రిములు పక్క వ్యాపారంలోని జంతువుకు ఏం చేస్తాయన్నది. దీనికి సరైన సమాధానం దొరకని చోట స్థలం ఎంత చవకగా వచ్చినా తీసుకోకపోవడమే మేలు.

ప్రాణమున్న జంతువులను అమ్ముతారా, అమ్మరా అన్నది అన్నిటికంటే ముందు నిర్ణయించుకోండి, ఎందుకంటే భాగస్వామి ఎంపిక మొదలుకొని గాలి గొట్టాల వరకు అన్నీ దానిమీదే ఆధారపడతాయి. స్థలం పంచుకునే దుకాణంలో కుక్కపిల్లలను, పిల్లికూనలను అమ్మకానికి పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. కుక్కపిల్లకు టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, కొన్ని వారాలకొక డోసు చొప్పున కనీసం 16 వారాల వయసు వరకు సాగుతాయి. ఆ లోపు దానికి పూర్తి రక్షణ ఉండదు. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది, మామూలుగా నేల తుడిచే క్రిమిసంహారకాలు చాలావాటికి అది లొంగదు. మురికిని ముందుగా కడిగేసి, ఒక వంతు బ్లీచ్‌కు సుమారు 30 వంతుల నీళ్లు కలిపిన ద్రావణంతో 10 నిమిషాలు తడిగా ఉంచితే అది చస్తుంది. రోజంతా బయటి కుక్కలు నడిచే ఉమ్మడి నడవాను ప్రతిసారీ అలా శుభ్రం చేయడం ఎవరివల్లా కాదు. జంతువులు లేని దుకాణం బోసిగా ఉంటుందనిపిస్తే, టీకాలు పూర్తయిన పెద్ద జంతువులను దత్తతకు ఇచ్చే సంస్థకు నెలలో ఒక రోజు చోటివ్వవచ్చు.

భాగస్వాముల్లో గ్రూమింగ్ చేసేవారికే నేను మొదటి స్థానం ఇస్తాను. బొచ్చు పెరిగే జాతుల కుక్కలను 4 నుంచి 8 వారాలకొకసారి తప్పనిసరిగా తీసుకురావాలి కాబట్టి, ఒకే యజమాని ఏడాదిలో పలుమార్లు మీ అరల ముందు నుంచి నడుస్తాడు, కుక్క సిద్ధమయ్యేలోగా ఆహారం సంచీయో గొలుసో చూసుకుంటాడు. అయితే గ్రూమింగ్‌కు కావలసిన ఏర్పాట్లు తక్కువేమీ కాదు. వేడినీళ్లు, జారని నేల, బొచ్చు ఆరబెట్టే బ్లోయర్లను మోయగల విద్యుత్ లోడు, కాలువలోకి బొచ్చు పోకుండా ఆపే జాలీ, తేమను బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ కావాలి. జాలీని ఎవరు, ఎన్ని రోజులకు శుభ్రం చేయాలో కూడా రాసుకోండి; కాలువ పొంగితే మొదట తడిసేది మీ సరుకే. స్నానాల గది గోడకు ఆనించి ఆహారం సంచులు పేర్చకూడదు. ఆ తేమకు సంచి అడుగున బూజు పడుతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. సంచులను నేలకు జానెడు ఎత్తున, గోడకు ఎడంగా రాకుల మీదే ఉంచాలి.

వెటర్నరీ క్లినిక్ పక్కన ఉంటే కొనేవారికి నమ్మకం పెరుగుతుంది, కానీ అక్కడికి వచ్చేవాటిలో జబ్బు చేసినవి ఎక్కువ. కెన్నెల్ కాఫ్ అనే కుక్కల అంటువ్యాధి దగ్గు తుంపరల ద్వారా గాలిలోనే పాకుతుంది కాబట్టి, రెండు భాగాల గాలినీ ఒకే ఏసీ డక్టు తిప్పే భవనం ఈ జోడీకి పనికిరాదు. క్లినిక్‌కు వేరే ద్వారం ఉండాలి. అంటువ్యాధి అనుమానం ఉన్న జంతువును దుకాణంలోకి రానివ్వకుండా బయటినుంచే పరీక్ష గదికి తీసుకెళ్లే దారి ఉండాలి. సూదులు, దూది, రక్తం అంటిన వ్యర్థాలను మీ చెత్తతో కలపకుండా పారవేసే బాధ్యత క్లినిక్‌దేనని ఒప్పందంలో ఉండాలి. వైద్యుడి చీటీ మీదే ఇవ్వవలసిన మందులు, చికిత్సలో భాగమైన ప్రత్యేక ఆహారం క్లినిక్ అమ్మితే, రోజువారీ ఆహారం, బొమ్మలు, గొలుసులు దుకాణం అమ్మాలి. ఈ గీత ముందే గీయకపోతే ఒకే వస్తువుకు రెండు కౌంటర్లలో రెండు ధరలు కనబడి, కొనేవాడికి ఇద్దరిమీదా అనుమానం కలుగుతుంది.

శిక్షకుడితో స్థలాన్ని పంచుకోవడం కంటే సమయాన్ని పంచుకోవడం సులువు. చక్రాలున్న అరలు ఏర్పాటు చేసుకుంటే, దుకాణం మూసిన తర్వాత వాటిని గోడవైపు జరిపి అదే నేలమీద తరగతి పెట్టవచ్చు. యజమానులు ఊరెళ్లినప్పుడు వారి కుక్కలను ఉంచుకునే బోర్డింగ్ విషయం వేరు: చాలా కుక్కలున్న చోట మొరుగుడు 100 డెసిబెళ్లు దాటగలదు, రాత్రిళ్లు మనిషి కాపలా ఉండాలి. చిన్న ఉమ్మడి స్థలంలో దాన్ని పెట్టకండి. పెంపుడు జంతువుల ఫొటోలు తీసే ఫొటోగ్రాఫరుకు మాత్రం ఒక మూలగది చాలు.

చూడటానికి ఎంతో అందంగా కనిపించి లోపల చిక్కులు దాచుకునేవి కాఫీ షాపు, మొక్కల నర్సరీ. కాఫీ షాపు వంటగదిలో నాన్‌స్టిక్ పెనం మితిమీరి వేడెక్కితే వచ్చే పొగ మనుషులకు పెద్దగా తెలియకపోయినా, పంజరంలోని పక్షులను నిమిషాల్లో చంపగలదు; పక్షులున్న చోట ఆ పాత్రలను ఒప్పందంలోనే నిషేధించాలి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం కాబట్టి, బల్లల కింద పడిన తునకలను వెంటనే ఊడ్చే మనిషి ఉండాలి. ఆహారం వడ్డించే చోట జంతువులను అనుమతించే నియమాలు కూడా ప్రాంతాన్ని బట్టి మారుతాయి, కనుక లీజు మీద సంతకం చేయకముందే స్థానిక ఆరోగ్య శాఖ నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. నర్సరీలో లిలియం జాతి లిల్లీ పూల పుప్పొడి పిల్లి బొచ్చుకు కాస్త అంటి, అది నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. సైకస్ మొక్క, ముఖ్యంగా దాని గింజలు, కుక్క కాలేయాన్ని పాడుచేస్తాయి. ఈ రెండింటినీ అమ్మబోనని ఒప్పుకున్న నర్సరీనే పక్కకు రానివ్వండి.

చేపలు అమ్మేవారు బరువు, నీరు, గాలి అనే మూడింటినీ ముందే లెక్కించాలి. లీటరు నీరు కిలో బరువు కాబట్టి 200 లీటర్ల తొట్టి అద్దం, గులకరాళ్లు కాక 200 కిలోలు ఉంటుంది. అలాంటివి వరుసగా పై అంతస్తులో పెట్టాలంటే ఇంజనీరు చేత నేల బలం చూపించుకోవాలి. కొత్త తొట్టిలో చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, అంటే అద్దె మొదలైన నెలకు పైగా ఆ విభాగం రాబడి ఇవ్వదు. కరెంటు పోతే గాలి పంపులు ఆగకుండా ప్రత్యామ్నాయం ఉండాలి. పురుగుల మందు గురించి మరీ జాగ్రత్త: పక్కవారు బొద్దింకలకు కొట్టించే పైరెత్రాయిడ్ మందులు చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం, పైగా గాలి పంపు ఆ గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. ఎవరు మందు కొట్టించినా ముందురోజే చెప్పాలన్న షరతు పెట్టుకుని, ఆ సమయంలో పంపులు ఆపి తొట్లను బిగుతుగా కప్పాలి, గాలి ఆడిన వెంటనే పంపులు తిరిగి వేయాలి.

నక్షా గీసేటప్పుడు గుమ్మం దగ్గర ఎక్కువ సేపు ఆలోచించండి. స్నానం ముగించుకుని హుషారుగా బయటికి దూకుతున్న పెద్ద కుక్క, యజమాని చేతిలోని బుట్టలో బిక్కుబిక్కుమంటూ లోపలికి వస్తున్న పిల్లి ఒకే తలుపు దగ్గర ఎదురుపడతాయి. బుట్ట మనిషి మోకాలి ఎత్తున వేలాడుతుంటుంది కనుక, కుక్క ముక్కు సరిగ్గా దాని జాలీ దగ్గరికి వస్తుంది. ఒకసారి అలా బెదిరిన పిల్లిని యజమాని మళ్లీ తీసుకురావడానికి జంకుతాడు. అందుకే లోపలికి, బయటికి వేర్వేరు తలుపులు పెట్టండి. ఒక్కటే సాధ్యమైతే గుమ్మం పక్కనే నడుము ఎత్తున బుట్ట పెట్టుకునే పలక, దానిమీద కప్పడానికి ఉతికిన గుడ్డ, కుక్కల గొలుసు తగిలించడానికి దూరంగా ఒక కొక్కెం ఏర్పాటు చేయండి. వీధిలోకి తెరుచుకునే ప్రతి ద్వారానికీ లోపల రెండో తలుపు ఉండాలి. గొలుసు జారిన కుక్క రోడ్డు మీదికి పోకుండా ఆపేది అదే.

ఇక ఒప్పందం. అసలు లీజులో ఉప అద్దెకు అనుమతి ఉందా, జంతువులకు అనుమతి ఉందా అన్నవి రెండు వేర్వేరు విషయాలు. రెండింటికీ భవన యజమాని నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకోండి. ఎవరి లైసెన్సు వారి పేరునే ఉండాలి, ఎవరి బిల్లు వారే ఇవ్వాలి. అద్దెను విస్తీర్ణం ప్రకారం పంచి, వీధివైపు భాగానికి కొంత ఎక్కువ వేసుకోవడం నాకు సబబుగా తోస్తుంది. అమ్మకాల్లో శాతం అనుకుంటే ప్రతి నెలా ఒకరి ఖాతా పుస్తకాలు ఇంకొకరు తెరవవలసి వస్తుంది. నీటికి, కరెంటుకు సబ్ మీటర్లు తప్పనిసరి, ఎందుకంటే గ్రూమింగ్ వాడే నీరు మీ వాడకానికి ఎన్నో రెట్లు ఉంటుంది. బీమా ఏజెంటును ఒక ప్రశ్న సూటిగా అడగండి: ఉమ్మడి నడవాలో ఒకరి ఖాతాదారు కుక్క ఇంకొకరి ఖాతాదారును కరిస్తే ఎవరి పాలసీ చెల్లిస్తుంది? ఆయన చెప్పిన సమాధానాన్ని పాలసీ కాగితంలో చూపించమనండి.

మొదట ఆరు నెలల గడువుతో మొదలుపెట్టి, ఆ తర్వాతే దీర్ఘకాలిక ఒప్పందానికి వెళ్లడం మంచిది. విడిపోయేటప్పుడు ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సులో ఎవరి వాటా ఎంత, మధ్య గోడ, స్నానపు తొట్టి, గొట్టాలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎవరివి, ఇద్దరూ కలిసి సేకరించిన ఖాతాదారుల ఫోన్ నంబర్లను ఆ తర్వాత ఎవరు వాడుకోవచ్చు అన్నవన్నీ స్నేహంగా ఉన్న ఆ మొదటి రోజుల్లోనే రాసి, ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి దగ్గర ఉంచుకోండి.