పూల్ నీళ్లలో ముందు ఆల్కలినిటీ చూడండి

తిరుచానూరులో మా ఇంటి పూల్‌కి బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. ఆల్కలినిటీ అంటే ప్రధానంగా వీటి మోతాదే. ఎండాకాలంలో నీరు ఆవిరైపోతుంది, అవి మాత్రం ఉండిపోతాయి. మళ్లీ బోరు నీళ్లు పెడితే ఆల్కలినిటీ ఇంకా పెరుగుతుంది. నీళ్లు మసకబారి, టైల్స్‌కి తెల్లటి పొర పట్టేది చాలావరకు ఇందుకే.

ఆల్కలినిటీని 80 నుంచి 120 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉంచండి. తక్కువైతే పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం పాళ్లు చెప్పే కొలత) నిలకడగా ఉండదు, ఎక్కువైతే అది పైకి పాకుతూనే ఉంటుంది. అందుకే నేను పీహెచ్ కంటే ముందు దీన్నే సరిచేస్తాను.

తగ్గించడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, బకెట్ నీళ్లలో యాసిడ్ పోయండి. యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయొద్దు. క్లోరిన్‌ని దాని దరిదాపుల్లోకి రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. పంపు నడుస్తుండగా కొద్దికొద్దిగా కలిపి, పీహెచ్ 7.2 దగ్గర ఆపేయండి. తర్వాత పూల్‌లోకి నీళ్లు వచ్చే నాజిల్‌ని పైకి తిప్పి నీళ్లు చిమ్మనివ్వండి. గాలి తగిలితే పీహెచ్ లేస్తుంది, ఆల్కలినిటీ లేవదు. ఒక్కరోజులో అయ్యే పని కాదు, ఓపిక పట్టాలి.

అక్టోబరు, నవంబరు వానలకు తగ్గితే వంటసోడా చాలు: 10,000 లీటర్లకు సుమారు 170 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. బట్టల సోడా మాత్రం వద్దు, పీహెచ్ ఒక్కసారిగా ఎగిరిపోతుంది.