ఉసిళ్లు వేయించి తినే పద్ధతి

తొలకరి వాన వెలిసిన సాయంత్రం రెక్కలతో పైకి లేచే చెదపురుగులనే ఉసిళ్లంటారు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో వీటిని వేయించి తినడం పాత అలవాటే అయినా, పట్నంలో పెరిగినవారు పురుగు అన్న మాటకే జంకుతారు. నా అనుభవంలో ఆ జంకును పెంచేది రుచి కాదు, రెక్కలు. అంగిలికి ఒక్క రెక్క అతుక్కుంటే చాలు, మరో పిడికెడు తినబుద్ధి కాదు. అందుచేత ఓపికంతా శుభ్రం చేయడంలోనే చూపాలి.

చీకటి పడుతుండగా వెడల్పాటి బేసినులో నీళ్లు పోసి, దానికి కాస్త పైన దీపం వేలాడదీస్తే, వెలుగుకు చేరిన ఉసిళ్లు నీళ్లలో పడి మళ్లీ ఎగరలేవు. చెదల మందు కొట్టించిన ఇళ్ల దగ్గర, పురుగుమందు చల్లిన చేల పక్కన రాలినవాటిని ఎంత మాత్రం ఏరుకోకూడదు. పుట్ట దగ్గరే పట్టాలనుకునేవారు అక్కడ పాములుండే అవకాశముందని గుర్తుంచుకొని, టార్చిలైటు వేసి చూడకుండా చేయి పెట్టకూడదు.

దీపానికి వచ్చిన ఇతర పురుగులను ఏరిపారేసి, నీళ్లు వంపేసి, ఉసిళ్లను ఆ రాత్రికి రాత్రే వేయించాలి. తెల్లవారేదాకా ఉంచితే వాసన పడతాయి. మంగలంలో గానీ, మందపాటి మూకుడులో గానీ సన్నటి సెగపై కలియబెడుతూ ఉంటే మొదట తడి ఆరి, తరువాత రెక్కలు పెళుసుబారతాయి. అప్పుడు దించి, చల్లారాక అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటలో పోసి చెరిగితే రెక్కలు ఎగిరిపోయి గోధుమ రంగు ఒళ్లు మాత్రం మిగులుతాయి. ఒకసారి చెరిగి సరిపెట్టుకోవద్దు, రెండోసారి కూడా నలిపి చెరగండి.

రెండో విడత వేపుడుకు నూనె అక్కరలేదు. కొత్త పుట్ట పెట్టబోయే చెదల రాజులూ రాణులూ అయిన ఈ ఉసిళ్లు తొలి సంతానం ఎదిగేదాకా ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదనే ఎక్కువగా ఆధారపడతాయి కనుక, సెగ తగలగానే ఆ కొవ్వే కరిగి మూకుడు అడుగున మెరుస్తుంది. కరకరలాడేటప్పుడు ఉప్పు, కారం చల్లి దించి, ఉసిళ్లకు రెండింతల కొలతలో వేయించిన బియ్యమో, పేలాలో కలుపుకోవాలి. వేరుశనగ గింజలకు దగ్గరగా ఉండే ఆ కమ్మదనం ఉట్టి ఉసిళ్లలో మొహం మొత్తుతుంది. బియ్యంతో కలిస్తేనే నాకు నచ్చుతుంది.

రొయ్యలు, పీతలు పడనివారికి ఉసిళ్లు కూడా పడకపోవచ్చు కాబట్టి, అటువంటివారు వీటి జోలికి పోకపోవడమే మంచిది. తక్కినవారు సైతం తొలిసారి ఒక చెంచాకు మించకుండా తిని, దురద, వాంతి, కడుపునొప్పి వంటివి లేవని మరునాటి దాకా చూసుకున్నాకే గుప్పెడు తినాలి.