ఊరి చెరువు నీటిని కాపాడుకోవడం ఎలా? వంక నుంచి మొదలుపెట్టండి

చెరువు బాగుచేద్దామని పదిమంది కూడగానే పని కట్ట మీద మొదలవుతుంది. ముళ్లకంపలు నరుకుతారు, ఒడ్డున ప్లాస్టిక్ ఏరుతారు, మొక్కలు నాటుతారు. అవన్నీ కావలసిన పనులే. అయితే తిరుపతి, చిత్తూరు జిల్లాల చెరువులు చాలావరకు వాన మీదే బతుకుతాయి. ఆ వాననీటిని మోసుకొచ్చేది వంక. వంకలో ఏది కలిస్తే అదే చెరువులో తేలుతుంది. వంక మూసుకుపోతే చెరువు ఎండుతుంది, ఎండిన చెరువు మీద ఇళ్ల స్థలాల కన్ను పడుతుంది. అందుకే ఈ పని వంకలో మొదలై చెరువు దాకా రావాలని నా గట్టి నమ్మకం.

సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. తిరుపతి పక్కనున్న అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్ల నిర్మాణానికి కేటాయించడాన్ని తిరుపతికే చెందిన ఇంటలెక్చువల్స్ ఫోరం సవాలు చేసింది. 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఇలాంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని కోర్టు స్పష్టం చేసింది. ఇకపై అక్కడ కట్టడాలు వద్దంది. పేరూరు చెరువుకు నీరు తెచ్చే బోడెద్దుల వంకను శుభ్రం చేసి మళ్లీ పారేలా చేయమంది. కానీ అప్పటికే కట్టిన ఇళ్లు అలాగే ఉండిపోయాయి. చెరువు విషయంలో ఆలస్యానికి తగిలే దెబ్బ ఇదే.

కాగితాలు ముందు

గ్రామ సచివాలయంలో సర్వేయరును, వీఆర్వోను కలవండి. గ్రామ పటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) నకళ్లు అడగండి. చెరువు పోరంబోకుగా ఏయే సర్వే నంబర్లు ఉన్నాయో రాసుకోండి. అంతకన్నా ముఖ్యంగా వంక పోరంబోకు, కాలువ పోరంబోకు నంబర్లు రాసుకోండి. చెరువును అందరూ గుర్తుపెట్టుకుంటారు, వంకను మరిచిపోతారు. ఆక్రమణ అక్కడే మొదలవుతుంది. కాగితాలు చేతికి రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

చెరువు నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో ఊరందరికీ కనబడేలా చేయడానికి ఒక సులువైన మార్గం ఉంది. మరవ, అంటే నిండిన చెరువు నీరు బయటికి పొర్లే చోటు, దాని పైఅంచు ఎంత ఎత్తులో ఉందో, నిండు చెరువు నీటిమట్టం అంతే. మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే పారదర్శక గొట్టంలో నీరు నింపి, ఒక కొసలోని నీరు మరవ అంచుకు సమంగా నిలిచేలా పట్టి, రెండో కొసను కొంచెం దూరంలో పాతిన గుంజ దగ్గర పట్టుకోండి. నీరు నిలిచిన చోట సున్నంతో గీత గీయండి. అక్కడి నుంచి మళ్లీ ముందుకు వెళ్లండి. ఇది చట్టం ఒప్పుకునే సర్వే కాదు. దానికి జలవనరుల శాఖ, రెవెన్యూ వాళ్లు కలిసి హద్దులు పాతాల్సిందే. కానీ ‘నీళ్లు ఇంతదాకా రావులే’ అనే వాదన ఈ సున్నపు గీతల ముందు నిలవదు.

ఎండాకాలంలో వంక వెంట నడక

మార్చి నుంచి మే వరకు వంక ఎండి ఉంటుంది, అడుగు కనబడుతుంది. ఆయకట్టు రైతులతో పాటు గొర్రెల కాపరులను, చేపలు పట్టేవారిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఎక్కడ ఏం పారబోస్తున్నారో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పూడిన కల్వర్టు, కోళ్ల వ్యర్థాల మూటలు, కాలనీ మురుగు కలిసే చోటు, వంకలోకి జరిగిన కంచె, ఇలా కనబడిన ప్రతిదాన్నీ ఫోనులో స్థలం గుర్తుతో సహా ఫొటో తీసి నోటు పుస్తకంలో రాయండి.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు తయారీ జోరుగా సాగే జూన్, జూలైల్లో మరోసారి నడవండి. తొక్కలు, టెంకలు, కడుగునీరు విషపదార్థాలు కావు కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అవి నీటిలో కుళ్లేటప్పుడు అందులో కరిగిన ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి, చేపలకు ఊపిరాడదు. తెల్లవారేసరికి చేపలు చచ్చి తేలడానికి ఎవరో విషం కలపనక్కరలేదు.

మురుగు కలిపే ఇళ్లవాళ్లు మన ఊరివాళ్లే. ముందు కూర్చుని మాట్లాడండి. ఇంకుడుగుంతలు, సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువ మళ్లింపు కోసం గ్రామసభలో తీర్మానం చేయించండి. పరిశ్రమ అయితే కాలుష్య నియంత్రణ మండలికి ఫొటోలతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, రసీదు తీసుకోండి.

నీటిని చూడటం నేర్చుకోండి

20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి స్టీలు పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు వేయండి. మధ్యలో తాడు కట్టి, పది సెంటీమీటర్లకొక ముడి వేయండి, కింద బరువు తగిలించండి. పట్టపగలు, ఎండ మెరుపు కళ్లలో పడని వైపు నుంచి నీటిలోకి దించండి. పళ్లెం కనబడకుండా పోయిన లోతును రాయండి. నెలనెలా అదే చోట చూస్తే నీరు తేటపడుతోందో చిక్కబడుతోందో తెలిసిపోతుంది. వాన తర్వాత మట్టితో ఎర్రబడటం వేరు, ఎండాకాలంలో నాచుతో పచ్చబడటం వేరు. రంగు కూడా రాయండి.

కరిగిన ఆక్సిజన్‌ను చిన్న కిట్‌తో కొలవవచ్చు, దగ్గరలోని కళాశాల రసాయనశాస్త్ర విభాగం సాయం అడగండి. సూర్యోదయానికి ముందే కొలవాలి. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తానే వాడుకుంటుంది. మధ్యాహ్నం కొలిచి బాగుందనుకుంటే మోసపోతాం. చేపలకు, వన్యజీవులకు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్, 6.5 నుంచి 8.5 మధ్య పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

ఏం తీయాలి, ఏం వదలాలి

గుర్రపుడెక్కను పూత రాకముందే తీయాలి. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. అనుకూలమైన చోట ఆ మొక్క రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది కాబట్టి ఒకరోజు శ్రమదానంతో తీరే పని కాదు. తీసిన డెక్కను ఒడ్డునే గుట్టలు పోయకండి. కుళ్లి, అందులోని పోషకాలన్నీ మళ్లీ నీటిలోకే దిగుతాయి. దూరంగా మోసుకెళ్లి పేడతో కలిపి ఎరువు చేయండి.

తుంగ, జమ్ము మాత్రం పూర్తిగా పెరకవద్దు. వంక చెరువులో కలిసే మూతి దగ్గర అవి మట్టిని ఆపుతాయి, పోషకాలను పీల్చుకుంటాయి, నీటికోళ్లకు గూడు కట్టుకునే చోటునిస్తాయి. నీటిలో నిలిచిన చెట్లనూ వదిలేయండి. తిరుపతి జిల్లాలోని నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టేది అలా నీట మునిగి నిలిచే చెట్ల మీదే.

పూడికతీతలో ఉత్సాహం ప్రమాదం తెస్తుంది. కట్ట పాదం దగ్గర తవ్వకూడదు. చోటుచోటా లోతు గుంతలు పెట్టకూడదు. అడుగున నీటిని నిలిపే బంకమట్టి పొరను చీల్చకూడదు. కట్ట బలహీనపడితే ఏమవుతుందో చూశాం: 2021 నవంబరు భారీ వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడే పరిస్థితి వచ్చి దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. కట్ట, తూము, మరవల పని ఇంజనీర్లు చూసి చెప్పాకే చేయండి. తీసిన ఒండ్రు పొలాలకు మంచిదే. కాలనీ మురుగు చేరిన చెరువైతే మట్టిని పరీక్ష చేయించాకే తోలండి.

వినాయక నిమజ్జనానికి మట్టి ప్రతిమలే అని పండగకు నెల ముందే చాటింపు వేయించండి. చేపల వేలం షరతుల్లో కోళ్ల వ్యర్థాలు మేతగా వేయకూడదని రాయించండి. నిషేధం ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను చెరువులో వదలనీయకండి, అది మన చేపలను మింగేస్తుంది.

మొదటి పారకం

ఏడాదంతా పేరుకున్న మురికి వంక మొదటిసారి పారిన రోజే చెరువుకు వస్తుంది. ఆ రోజు ముగ్గురు మూడు గాజు సీసాలతో సిద్ధంగా ఉండాలి. ఒకరు ఊరికి ఎగువన, ఒకరు కాలనీ దాటాక, ఒకరు చెరువు మూతి దగ్గర, ఒడ్డు మీద నిలబడే నీరు పట్టండి, ప్రవాహంలోకి దిగకండి. మూడు సీసాలను పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి, వాసన చూసి రాయండి. ఏ రెండు సీసాల మధ్య రంగు, వాసన మారాయో ఆ మధ్య దూరంలోనే వెతకండి. గ్రామసభకు ఆ ఫొటోతోనే వెళ్లండి.