రెండో గంటకి పట్టేసే భుజం

నేను నడిపే సింగిల్ ఇంజిన్ విమానంలో ఆటోపైలట్ లేదు. మూడు గంటల ప్రయాణమంటే రెండో గంటకే ఎడమ భుజం పట్టేసేది. ఎత్తు చూస్తే ఒకసారి 200 అడుగులు పైన, ఇంకోసారి కింద. తప్పు సీటుదనుకుని రెండు దిండ్లు మార్చాను. అసలు తప్పు నా పిడికిలిది.

ఒకరోజు యోక్, అంటే విమానాన్ని నడిపే స్టీరింగ్ లాంటి పిడి, వదిలి చూశాను. ముక్కు వెంటనే పైకి లేచింది. అంటే ఇన్నాళ్లూ ట్రిమ్ (యోక్‌ని నొక్కి పట్టకుండానే ముక్కుని నిలిపి ఉంచే సర్దుబాటు) చేయాల్సిన పని నా చెయ్యి చేస్తోందన్నమాట! ఎత్తుకి చేరగానే తొందరపడి ట్రిమ్ చేసేసేవాణ్ని. ఆ తర్వాత వేగం పెరిగేకొద్దీ ముక్కు లేచేది. ఇప్పుడు ఎత్తు నిలిపి, వేగం పెరగనిచ్చి, పవర్ తగ్గించి, అంతా కుదురుకున్నాక ట్రిమ్ చక్రం వెంట్రుకవాసి తిప్పుతాను. యోక్ మీద రెండు వేళ్లు చాలు.

అయినా ఎడమకి ఒరిగేది. కుడి ట్యాంకు ఇంధనమే వాడుతూ పోతే ఎడమ రెక్క బరువుగా ఉండదా మరి? ఇప్పుడు టైమర్ పెట్టుకుని అరగంటకోసారి ట్యాంకు మారుస్తున్నాను.

హెడ్‌సెట్ కళ్లజోడు కాడల్ని నొక్కి తెచ్చే తలనొప్పి, సన్న కాడల ఫ్రేముతో పోయింది. మూత్రం భయంతో నీళ్లు మానేయడం మాత్రం తప్పు. దానికి సంచులు దొరుకుతాయి, సిగ్గెందుకు.