కౌంటర్ కంప్యూటర్‌లో సర్వీసులు ఆపే ముందు

తిరుపతిలో నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, డీటీపీ సెంటర్లు నడిపేవాళ్ళకు కంప్యూటర్ స్లో అయిందన్న సంగతి సరిగ్గా రద్దీ ముందే గుర్తొస్తుంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు మొదలవుతున్నాయనో, బ్రహ్మోత్సవాలు దగ్గరికొచ్చాయనో, నవంబరులో పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్లకు వస్తారనో ముందురోజు రాత్రి షట్టర్ సగం దించి, యూట్యూబ్‌లో ఏదో వీడియో పెట్టుకుని, విండోస్‌లో తెర వెనక నడిచే చిన్న ప్రోగ్రాములైన ‘సర్వీసు’ల్లో కనిపించినదాన్నల్లా డిసేబుల్ చేసేస్తారు. తెల్లారి 10 గంటలకు 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే వేళకు ప్రింటర్ కదలదు, వేలిముద్ర మిషన్ పలకదు. కౌంటర్ ముందు మాత్రం జనం నిలబడే ఉంటారు.

అందుకే మొదట చూసుకోవాల్సింది క్యాలెండర్. సీజనుకు కనీసం వారం ముందు, బేరాలు తక్కువుండే మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోండి. టికెట్ల విడుదల ముందురోజు, ఫీజు కట్టే చివరితేదీ రోజు ముట్టుకోవద్దు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఎండాకాలం కరెంటును నమ్ముకుని అసలే మొదలుపెట్టొద్దు. ఇక్కడ రాసేదంతా విండోస్ 10, 11 నడిచే డెస్క్‌టాప్‌ల గురించి.

అసలు స్లో ఎందుకుందో ముందు చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ అన్న కాలమ్ ఊరికే ఉన్నప్పుడు కూడా 100 శాతం చూపిస్తుంటే, లోపలున్నది పాత హార్డ్ డిస్క్, ర్యామ్ 4 జీబీ అయితే, సర్వీసులు ఆపి మీరు సంపాదించేది చాలా తక్కువ. పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్క్ ఒకటి వేయిస్తే వచ్చే తేడా ముందు ఇదంతా లెక్కలోకే రాదు. నన్నడిగితే ఆ డబ్బు ముందు పెట్టమంటాను.

అదే టాస్క్ మేనేజర్‌లో ‘సర్వీస్ హోస్ట్’ అని డజన్లకొద్దీ వరసలు చూసి వైరస్ అనుకుని కంగారుపడేవాళ్ళున్నారు. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, 3.5 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉన్న మిషన్లలో, ఇదివరకు ఒకే గుంపుగా నడిచే సర్వీసులను విండోస్ విడివిడిగా నడుపుతోంది. ఒకటి పడిపోతే పక్కది పడిపోకూడదని చేసిన ఏర్పాటు అది. వరసలు పెరిగాయి గానీ పని పెరగలేదు.

సర్వీసుల జోలికి పోకముందు స్టార్టప్ జాబితా చూడండి. మిషన్ ఆన్ కాగానే లేచి కూర్చునే చాటింగ్ యాప్‌లు, క్లౌడ్ స్టోరేజీ, పీడీఎఫ్ రీడర్ అప్‌డేటర్ల వంటివి అక్కడ ఉంటాయి. వీటిని ఆపితే ప్రమాదం తక్కువ, తిరిగి ఆన్ చేయడం ఒక్క క్లిక్కు. డీటీపీవాళ్ళు ఒక్కటి గమనించుకోవాలి. అను స్క్రిప్ట్ మేనేజర్ స్టార్టప్‌లో ఉంటే దాన్ని ఆపాక పెళ్ళిపత్రిక టైపు చేయబోతే ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. కీబోర్డు పాడైందనుకుని కొత్తది కొనేదాకా పోవద్దు.

ఇక సర్వీసులు. స్టార్ట్ మెనూలో ‘సర్వీసెస్’ అని టైపు చేసి తెరిస్తే పెద్ద జాబితా వస్తుంది. స్టేటస్ అన్న కాలమ్‌లో ‘రన్నింగ్’ అని లేకుండా ఖాళీగా ఉంటే ఆ సర్వీసు ఇప్పుడు నడవడం లేదని అర్థం. ఫ్యాక్స్, రిటైల్ డెమో, ఎక్స్‌బాక్స్ పేరుతో ఉన్నవి మామూలుగా ‘మాన్యువల్’లో, అంటే అవసరమైతేనే లేచే స్థితిలో, ఉండి నిద్రపోతుంటాయి. రిమోట్ రిజిస్ట్రీ మామూలు మిషన్లలో ముందు నుంచే డిసేబుల్ అయి ఉంటుంది. నడవని సర్వీసు మెమొరీ తినదు. ‘ఈ 50 ఆపేయండి, రాకెట్ అవుతుంది’ అనే వీడియోల్లో సగం ఇలాంటివే. వాటిని ఆపి లాభం సున్నా, రేపెప్పుడో అవసరమైతే తలనొప్పి మాత్రం గ్యారంటీ.

వెనక్కి రావడానికి దారి

ముట్టుకునే ముందు మూడు పనులు. స్టార్ట్‌లో ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని వెతికి తెరవండి. సీ డ్రైవ్‌కు ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి, ఒక రిస్టోర్ పాయింట్ పెట్టండి. చాలా మిషన్లలో ఇది ఆఫ్‌లోనే ఉంటుంది, అవసరం పడ్డ రోజున గానీ తెలియదు. సర్వీసుల సెట్టింగులన్నీ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ఉంటాయి కాబట్టి రిస్టోర్ చేస్తే అవి పాత స్థితికి వస్తాయి, కస్టమర్ల ఫైళ్ళు పోవు.

రెండోది, సర్వీసెస్ కిటికీలోనే యాక్షన్ మెనూ కింద ‘ఎక్స్‌పోర్ట్ లిస్ట్’ అని ఉంటుంది. నొక్కితే ప్రతి సర్వీసూ ఇవాళ ఏ స్థితిలో ఉందో ఒక టెక్స్ట్ ఫైలుగా దాస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, అదే మిషన్‌లో పెట్టుకుంటే ఏం లాభం? ఈ బటన్ గురించి ఎవరూ చెప్పరు గానీ, ‘ముందు ఇది ఆటోమేటిక్‌లో ఉండిందా, మాన్యువల్‌లోనా’ అని జుట్టు పీక్కునే బాధ దీంతో తప్పుతుంది.

మూడోది పాస్‌వర్డ్. రోజూ పిన్ కొట్టి లోపలికి పోయేవాళ్ళు అసలు పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటారు. సర్వీసులు అడ్డదిడ్డంగా ఆపితే పిన్ పనిచేయకుండా పోవచ్చు, అప్పుడు పాస్‌వర్డే దిక్కు. విండోస్ 11లో డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా అడగొచ్చు. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ముందే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

రీస్టార్ట్ చేస్తే పాత స్థితికి వచ్చేసే ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ వేసిన నెట్ సెంటర్లలో ముందు దాన్ని తీసి ఈ పనులన్నీ చేయాలి. లేకపోతే రిస్టోర్ పాయింట్‌తో సహా అన్నీ ఎగిరిపోతాయి.

మైక్రోసాఫ్ట్‌వి కానివి

ఎక్కువ షాపులు దెబ్బతినేది ఇక్కడే. సిస్టమ్ కాన్ఫిగరేషన్ అనే పనిముట్టులో ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’ అని టిక్ పెట్టి, మిగిలినవన్నీ ‘డిసేబుల్ ఆల్’ కొట్టమని చెబుతుంటారు. గొడవ ఎక్కడుందో కనిపెట్టడానికి కాసేపు అలా చేసి చూడటం మంచి పద్ధతే. కానీ దాన్నే శాశ్వతంగా వదిలేస్తే, మీ షాపుకు డబ్బు తెచ్చే సర్వీసులన్నీ ఆగిపోతాయి. ఎందుకంటే అవి మైక్రోసాఫ్ట్‌వి కావు.

ఆధార్ వేలిముద్ర మిషన్ సంగతి తీసుకోండి. దాని వెనక ఆ మిషన్ తయారుచేసిన కంపెనీ ఆర్‌డీ (రిజిస్టర్డ్ డివైస్) సర్వీసు ఒకటి నడుస్తుంటుంది. పోర్టల్ మీ కంప్యూటర్‌లోనే 11100 నుంచి 11120 వరకు నంబర్లున్న పోర్టుల్లో (ప్రోగ్రాములు మాట్లాడుకునే ద్వారాల్లో) దాన్ని వెతుక్కుని మాట్లాడుతుంది. సర్వీసు ఆగితే మిషన్‌కు లైటు వెలుగుతున్నా పోర్టల్‌కు అది కనిపించదు. ‘అన్నా, అన్నీ ఆపేసినా, ఇప్పుడు అవ్వ వేలు ఎన్నిసార్లు పెట్టినా తీసుకోలా’ అని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది ఇదే: ‘జాబితాలో ఆర్‌డీ అనే పేరు నడస్తా ఉండాదా చూడు నాయినా.’ ఈలోగా ఆ అవ్వ వేలిని చీర కొంగుతో తుడుచుకుంటూ, తన వేలిదే తప్పనుకుంటూ ఉంటుంది.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న షాపుల్లో ‘ఎస్‌క్యూఎల్ సర్వర్’ అని మొదలయ్యే సర్వీసు ఉంటుంది. మెమొరీ బాగానే తింటుంది కాబట్టి కంటికి ముందు అదే ఆనుతుంది. దాన్ని ఆపితే బిల్లింగ్ తెరవగానే డేటాబేస్ దొరకలేదంటుంది. ఆడిటర్ల ఆఫీసుల్లో ట్యాలీ గేట్‌వే సర్వర్ లైసెన్సు చూసుకుంటుంది, దాన్నీ వదిలేయాలి. డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్ళు టోకెన్ కంపెనీ సర్వీసుతో పాటు విండోస్‌లోని స్మార్ట్ కార్డ్, సర్టిఫికెట్ ప్రాపగేషన్ సర్వీసులనూ ముట్టుకోకూడదు. పేరులో ‘కార్డ్’ ఉందని, మనకు కార్డులు లేవని ఆపేస్తే టెండరు వేసే రోజు టోకెన్ గుచ్చినా సర్టిఫికెట్ కనిపించదు.

పేరు చూసి తెలియని ప్రతిదాన్నీ డబుల్ క్లిక్ చేసి తెరవండి. ‘పాత్ టు ఎగ్జిక్యూటబుల్’ అన్నచోట ఏ ఫోల్డరు నుంచి నడుస్తోందో ఉంటుంది, కంపెనీ పేరు సాధారణంగా అక్కడే తేలిపోతుంది. అప్పటికీ తెలియకపోతే వదిలేయండి.

విండోస్ సొంతవి

ప్రింట్లను వరసలో పెట్టి ప్రింటర్‌కు పంపే ప్రింట్ స్పూలర్‌ను జిరాక్స్ షాపువాళ్ళు ఆపరనుకోండి. అయితే ప్రింటర్ లేని పక్క మిషన్‌లో ఆపినా ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ కూడా పోతుంది. ఇంట్లో ప్రింటర్ లేకుండా బ్రౌజరు మాత్రమే వాడే మిషన్‌లో ఆపడం తప్పేం కాదు. 2021 జూలైలో ప్రింట్ నైట్‌మేర్ అనే లోపం బయటపడినప్పుడు స్పూలర్ ఆపుకోమని మైక్రోసాఫ్టే సూచించింది. షాపులో దీన్ని ఆపాల్సి వచ్చేది ఒక్కసారే, ప్రింట్ ఇరుక్కుని డిలీట్ కానప్పుడు. స్పూలర్ స్టాప్ చేసి, విండోస్, సిస్టమ్ 32, స్పూల్ వరసలో ఉన్న ప్రింటర్స్ ఫోల్డరు లోపలి ఫైళ్ళు తుడిచేసి, మళ్ళీ స్టార్ట్ కొట్టాలి. ఫోల్డరును కాదు, లోపలివి మాత్రమే.

స్కానర్‌కు విండోస్ ఇమేజ్ అక్విజిషన్ కావాలి. డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ వైఫై కోసం. మాకు కేబుల్ నెట్టే కదా అని ఆపేస్తారు, రోడ్డు తవ్వి ఫైబర్ తెగిన రోజున ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుందామంటే డాంగిల్ ఉండీ వైఫై పేర్లు కనిపించవు. విండోస్ టైమ్ చిన్న సర్వీసు. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత మిషన్లలో తేదీ ఏ పాత సంవత్సరానికో పోతే గడియారాన్ని సరిచేసేది అదే. తేదీ తప్పితే టికెట్ల సైటూ తెరుచుకోదు, బ్యాంకు సైటూ తెరుచుకోదు, సురక్షితం కాదని హెచ్చరిక వస్తుంది.

ఆర్‌పీసీ, యూజర్ ప్రొఫైల్, ప్లగ్ అండ్ ప్లే, డీహెచ్‌సీపీ క్లయింట్, క్రిప్టోగ్రాఫిక్, ఈవెంట్ లాగ్, విండోస్ ఆడియో, ఫైర్‌వాల్: వీటి వైపు చూడొద్దు. కొన్నిటికి బటన్లే బూడిదరంగులో ఉంటాయి. రిజిస్ట్రీలోకి పోయి వాటిని ఆపే ఉపాయం ఎవరైనా చెబితే ఆ వీడియో అక్కడికి మూసేయండి.

విండోస్ అప్‌డేట్ గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. కౌంటర్ మధ్యలో రీస్టార్ట్ అవుతుందని కోపంతో దీన్ని ఆపేవాళ్ళు చాలామంది. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ వచ్చి ఫైళ్ళకు తాళం వేసినప్పుడు మన పోలీసు శాఖ కంప్యూటర్లూ దెబ్బతిన్నాయి, చిత్తూరు జిల్లావి కూడా అందులో ఉన్నాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చి ఉంది. రద్దీ రోజులు దాటాలంటే సెట్టింగుల్లో 5 వారాల వరకు అప్‌డేట్లను పాజ్ చేసుకోవచ్చు, యాక్టివ్ అవర్స్‌లో షాపు వేళలు పెట్టుకోవచ్చు. దాని కోసం సర్వీసు పీక కోయనక్కర్లేదు. పైగా ఆపినా విండోస్ దాన్ని తిరిగి లేపుతుంది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది కాబట్టి ఆ మిషన్ల మీద బ్యాంకు పనులు చేసేవాళ్ళు ఈ విషయం ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి.

మరి ఆపదగ్గవి ఏవి? డౌన్‌లోడెడ్ మ్యాప్స్ మేనేజర్, ‘కనెక్టెడ్ యూజర్ ఎక్స్‌పీరియన్సెస్ అండ్ టెలిమెట్రీ’ ఆపితే షాపు పనికి నష్టం లేదు. తరచూ వాడే ప్రోగ్రాములను ముందే మెమొరీలోకి తెచ్చిపెట్టే సిస్‌మెయిన్ సర్వీసు పాత హార్డ్ డిస్క్ మిషన్‌లో డిస్క్‌ను ఊపిరాడనీయకపోతే ఆపి రెండు రోజులు చూడండి, తేడా లేకపోతే తిరిగి పెట్టేయండి. విండోస్ సెర్చ్‌ను ఆపడం కంటే, ఇండెక్సింగ్ ఆప్షన్లలో కస్టమర్ల ఫైళ్ళు కుప్పపడే ఫోల్డర్లను తీసేయడం మేలు. అంతే, జాబితా ఇంత చిన్నదే.

ఆపేటప్పుడు నేరుగా డిసేబుల్డ్ పెట్టకుండా ముందు మాన్యువల్ పెట్టి చూడండి. మాన్యువల్ అంటే తలుపు దగ్గరకేసినట్టు, డిసేబుల్డ్ అంటే తాళం వేసినట్టు. అయితే మాన్యువల్‌లో ఉన్నవన్నీ అడగ్గానే లేవవు, బయటి కంపెనీలవి ముఖ్యంగా. ముందు డిపెండెన్సీస్ ట్యాబ్ తెరవండి, కింది పెట్టెలో ఉన్న పేర్లన్నీ దీన్ని నమ్ముకున్నవే. ఒకటి మార్చాక రీస్టార్ట్ చేసి ఒక ప్రింటు, ఒక స్కాను, ఒక వేలిముద్ర, ఒక బిల్లు తీసి చూసి అప్పుడే రెండోదానికి పోండి.

మిషన్ లోపలికి పోకుండా ఆగిపోతే, లాగిన్ తెర మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద సిస్టమ్ రిస్టోర్ ఉంటుంది, మొదట పెట్టిన పాయింట్ అక్కడ వాడుకోవాలి. ఆ తెర కూడా రాకపోతే మొదలయ్యే మధ్యలో పవర్ బటన్ పట్టి రెండు మూడుసార్లు ఆపితే విండోసే రికవరీ తెర చూపిస్తుంది.

మార్చిన సర్వీసు పేరు, పాత స్థితి, తేదీ ఒక చీటీ మీద రాసి సీపీయూ పక్కన అంటించండి. పొద్దున షాపు తెరిచే కుర్రాడికి చూపించండి, ఏదైనా పలకకపోతే ఆ పేరు తెరిచి పాత స్థితి పెట్టి, స్టార్ట్ నొక్కి, ఆ తర్వాతే ఫోన్ చేయమని చెప్పండి.