అసలైన జపాన్ డిజైనర్ జీన్స్‌ను గుర్తించడం ఎలా?

జపాన్ జీన్స్ పేరుతో అమ్ముడయ్యే సరుకులో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి: అక్కడే నేసి అక్కడే కుట్టినవి, జపాన్ బట్టను తెప్పించుకుని వేరే దేశంలో కుట్టినవి, పూర్తిగా నకిలీవి. రెండవ రకం మోసమేమీ కాదు. హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని ఫుకుయామా కేంద్రంగా నడిచే కైహారా మిల్లు బట్టను యూనిక్లో వంటి పెద్ద దుస్తుల సంస్థ కూడా వాడుతుంది. కాకపోతే దానికి మొదటి రకం ధర చెల్లించనవసరం లేదు.

ముందుగా, కొనదలచిన బ్రాండు గుర్తులను తెలుసుకోవాలి. ఒసాకాలో పుట్టిన స్టూడియో డార్టిజాన్ జీన్స్ నడుము వెనుక ఉండే తోలు పట్టీ మీద రెండు పందులు జీన్స్‌ను చెరోవైపుకు లాగుతుంటాయి. సామురాయ్ జీన్స్ బట్ట అంచులో, అంటే కాలి మడత తిప్పితే లోపల కనబడే అంచులో, వెండి రంగు పోగు కనబడుతుంది. ఒకయామా ప్రిఫెక్చర్‌లోని కొజిమాకు చెందిన మొమొతారో తన అంచు పోగుకు గులాబీ రంగు వాడుతుంది. కొన్ని రకాలకు వెనుక జేబు మీద రెండు తెల్లచారలు కూడా ఉంటాయి. చారలు లేనంత మాత్రాన అది నకిలీ అనుకోకూడదు, ఎందుకంటే ఆ బ్రాండులోనే చారలు లేని రకాలూ ఉన్నాయి.

తరువాత లోపలి లేబుల్ చదవాలి. జపాన్ చట్టం ప్రకారం అక్కడ అమ్మే దుస్తుల మీద ఏ పీచు ఎంత శాతమో, ఉతికే పద్ధతి, బాధ్యత వహించే సంస్థ పేరు, దాని చిరునామా లేదా ఫోన్ నంబరు ఉండాలి. ఎగుమతి సరుకు లేబుల్ వేరుగా ఉండవచ్చు గానీ, కుట్టిన దేశం పేరు ఎక్కడా లేకపోతే మాత్రం అనుమానించవలసిందే.

ఇక అంచు సంగతి. చాలామంది కాలి మడత తిప్పి, రంగు గీత కనబడగానే నిశ్చింతగా డబ్బు కట్టేస్తారు. నకిలీదారులు బతికేది ఈ అలవాటు మీదే. నాడెతో (నూలును అటూ ఇటూ మోసే పరికరంతో) నేసే పాత మరమగ్గం మీద పేక నూలు, అంటే అడ్డపోగు, తెగకుండా అంచు దగ్గర మలుపు తిరిగి వెనక్కి వస్తుంది, అందువల్ల ఆ అంచు దానంతటదే గట్టిగా ఉంటుంది. ఆ మగ్గం బట్ట వెడల్పు సుమారు 30 అంగుళాలే కాబట్టి, కాలి బయటి కుట్టును అంచు వెంబడే వేస్తారు. మడత విప్పి చూస్తే రెండు తెల్లని అంచులు పక్కపక్కన పడుకుని ఉండాలి, వాటిలోని పేక పోగులు నీలి బట్టలోకి ఎడతెగకుండా సాగాలి. నకిలీలో కొన్నిసార్లు వేరే పట్టీని తెచ్చి అతికించి కుడతారు. గోటితో మెల్లగా లేపితే దాని కింద ఓవర్‌లాక్ కుట్టు (కత్తిరించిన అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు) బయటపడుతుంది. అయితే నిజమైన అంచు సైతం జపాన్‌కు రుజువు కాదు, అటువంటి బట్టను మన అహ్మదాబాద్‌లోని అరవింద్ సంస్థ కూడా నేస్తుంది.

అందుకే అంచుతో ఆగకుండా కుట్టుపని చూడాలి. మంచి తయారీదారులలో చాలామంది కాలి మడతకు గొలుసుకుట్టు వేస్తారు. ఇందుకోసం యూనియన్ స్పెషల్ 43200జి అనే పాత అమెరికన్ యంత్రాలను వెతికి తెచ్చుకున్నవారూ ఉన్నారు. ఈ కుట్టు బయటకు మామూలు వరుసలా, లోపల గొలుసు కొక్కేలలా కనబడుతుంది. కొన్నాళ్లు వాడిన జతలో మడత తాడు పేనినట్టు ఏటవాలుగా మెలితిరుగుతుంది. పొడవు తగ్గించుకోవడానికి దర్జీకి ఇచ్చిన పాత జతలో ఇది పోయి ఉండవచ్చు, కాబట్టి జేబుల మూలలను, రివెట్లను, బొత్తాల వెనుక భాగాన్ని కూడా పరిశీలించాలి. బొత్తాల మీది అక్షరాలు మసకగా ఉన్నా, తోలు పట్టీ ప్లాస్టిక్‌లా మెరుస్తున్నా వెనక్కి ఇచ్చేయడం మేలు.

వాడిన జత అయితే రంగు కూడా కొంత చెబుతుంది. పడుగు నూలును, అంటే నిలువుపోగులను, తాళ్లుగా పేని నీలిమందులో పలుమార్లు ముంచి తీస్తారు, కానీ రంగు పోగు నడిమికి చేరదు. అందుకే తొడల దగ్గర, మోకాళ్ల వెనుక రాపిడి తగిలిన చోట తెలుపు బయటపడి, పక్కనే ముదురు నీలం మిగులుతుంది. యంత్రంతో అరగదీసిన రంగు రెండు కాళ్ల మీద అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు లోపలి లేబుల్, విప్పిన కాలి మడత, తోలు పట్టీ, బొత్తాల వెనుక భాగం దగ్గరగా తీసిన ఫోటోలు అడగాలి, వాటిని ఆ బ్రాండు సొంత వెబ్‌సైట్‌లో అదే మోడల్ నంబరు కింద ఉన్న ఫోటోలతో పోల్చుకోవాలి. అమ్మకందారు కేటలాగు బొమ్మలే పంపుతూ దాటవేస్తుంటే, ధర ఎంత ఊరించినా ఆ బేరం వదిలేయాలి.