కుక్కల బండిని పిలిచే ముందు, అది వెళ్లిన తరువాత: హైదరాబాద్ కాలనీవాసులు చేయవలసిన పనులు

వీధిలో కుక్కలు ఎక్కువయ్యాయని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది, బండి వచ్చి వాటిని ఎక్కడికో తీసుకుపోతుందని, ఇక అవి తిరిగి కనిపించవని అనుకుంటారు. నాలుగైదు రోజుల తరువాత అవే కుక్కలు అదే మలుపులో పడుకొని కనిపించగానే నగరపాలక సంస్థ పని చేయలేదని కోపగిస్తారు. నిజానికి వాటిని తెచ్చి వదలడమే ఆ పనిలో చివరి భాగం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్రం 2023లో ప్రకటించిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, వీధికుక్కను పట్టుకొని, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటనే వదలాలి. టీకా పడిన కుక్కలను ఖాళీ చేయిస్తే, చెత్తకుప్పలో తిండి అలాగే ఉంటుంది కనుక పక్క వీధుల నుంచి టీకా లేని కుక్కలు వచ్చి ఆ చోటును ఆక్రమిస్తాయి.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. రేబిస్ సోకిన, సోకిందని అనుమానమున్న, మీదపడి కరిచే స్వభావమున్న కుక్కలను తిరిగి వదలకూడదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి ప్రాంగణాల నుంచి తరలించిన కుక్కలను మళ్లీ అక్కడ విడిచిపెట్టకూడదని అదే ఏడాది నవంబరు 7న ఆదేశించింది. అందువల్ల మీ ఫిర్యాదు ఏ కోవకు చెందుతుందో ముందుగా నిర్ణయించుకొని, దానిని స్పష్టంగా చెప్పాలి.

ఫోన్ చేసే ముందు రెండు రోజులు తెల్లవారుజామున వీధిలో నిలబడి చూడండి. కుక్కలు గుంపుగా కనిపించేది, వాటిని లెక్కపెట్టడం సులభమయ్యేది ఆ వేళలోనే. ప్రతి కుక్క చెవినీ గమనించండి. శస్త్రచికిత్స జరిగిన కుక్కకు చెవి అంచున చిన్న గాటు ఉంటుంది. మా వీధిలో ఒక గోధుమరంగు ఆడకుక్క ఉంది. పాలబండి చప్పుడు వినిపించి చెవులు నిక్కబొడిచినప్పుడు మాత్రమే, కండక్టరు చించిన టికెట్టు అంచులా దాని గాటు కనిపించింది. అంతకుముందు ఏడాదిపాటు దానికి ఆపరేషన్ కాలేదనే మేమందరం అనుకున్నాం. ఎన్ని కుక్కలకు గాటు ఉంది, ఎన్నింటికి లేదు, పాలిచ్చే తల్లులు ఎన్ని, పిల్లలు ఎన్ని అన్నది కాగితం మీద రాసుకోండి. ఆరు నెలల లోపు పిల్లలను శస్త్రచికిత్స కోసం పట్టుకోకూడదు, పాలు తాగే పిల్లలున్న తల్లికి అవి పాలు మానేదాకా ఆపరేషన్ చేయకూడదు. కనుక ఈ లెక్క ముందే చెబితే బండి వృథాగా తిరగవలసిన అవసరం ఉండదు.

జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ నంబరు 040-21111111. 'మై జీహెచ్‌ఎంసీ' యాప్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కాలనీ పేరు మాత్రమే చెబితే సరిపోదు. ఏ వీధి, ఏ గుడి లేదా దుకాణం పక్కన, ఏ వేళకు అవి అక్కడ ఉంటాయి అన్న వివరాలు ఇచ్చి, ఫిర్యాదు సంఖ్యను దాచుకోండి. సిబ్బంది వచ్చినప్పుడు కాలనీ సంఘం తరఫున ఒకరు దగ్గర ఉండటం ఎంతో మంచిది. కుక్కలను చేతులతో గాని వలతో గాని పట్టుకోవాలి తప్ప ఇనుప పటకారులు, తీగ ఉచ్చులు వాడకూడదు. పట్టుకున్న వెంటనే ప్రతి కుక్క మెడకూ అంకె ఉన్న పట్టీ కట్టాలి. ఆ అంకెను, పట్టిన చోటును రాసుకుంటే, కుక్క మీ వీధికే తిరిగి వచ్చిందా లేదా అన్నది రుజువుతో అడగగలుగుతారు. శస్త్రచికిత్స తరువాత కనీసం నాలుగు రోజులు దానిని కేంద్రంలోనే ఉంచి చూసుకోవాలి.

కుక్క కరిస్తే మాత్రం ఫిర్యాదు తరువాతి సంగతి. ముందు గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూస్తూ కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నగరంలో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లోను, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోను టీకా వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో, మొదటి సూది వేసిన రోజును 0గా లెక్కపెట్టి, 0, 3, 7, 28 రోజులలో టీకా వేస్తారు, రక్తం కారిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే ప్రతిరక్షకాల మందు) కూడా అవసరమవుతుంది. బొడ్డు చుట్టూ సూదులన్న పాత భయంతో ఎవరూ ఆగిపోవద్దు, ఎందుకంటే లక్షణాలు కనిపించిన తరువాత రేబిస్ దాదాపు ఎవరినీ బతకనివ్వదు. కరిచిన కుక్కను కొట్టి చంపకుండా పది రోజులు గమనించాలి. కానీ దాని కోసం మీ టీకాను ఆపకూడదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయిన సంగతి తెలిసిన ఎవరూ ఈ విషయాన్ని తేలికగా తీసుకోలేరు.

పెంపుడు కుక్కలున్నవారికీ ఈ వ్యవస్థతో పని పడుతుంది. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తరువాత ఏటా బూస్టర్ వేయించి, నగరపాలక సంస్థ వద్ద నమోదు చేయించుకోవాలి, ఫోన్ నంబరు చెక్కిన బిళ్లను పట్టీకి తగిలించాలి. మా పక్కింటివారి కుక్క ఒక దీపావళి రాత్రి టపాసుల మోతకు బెదిరి, స్నానం కోసం పట్టీ తీసి ఉన్న మెడతోనే గేటు దాటి పారిపోయింది. పట్టీ లేని కుక్కను చూసినవారెవరికైనా అది వీధికుక్కే. టీకాల పుస్తకం, స్పష్టమైన ఫొటో చేతిలో ఉన్నందువల్లనే మూడో రోజున వారు దానిని తమదని నిరూపించుకోగలిగారు. మీ కుక్క తప్పిపోతే ఫోన్ మీదనే ఆధారపడకుండా, మీ ప్రాంతపు జంతు సంరక్షణ కేంద్రానికి స్వయంగా వెళ్లి చూడండి. పెంచలేక వీధిలో వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరం, జంతువును చంపినా అంగవైకల్యం కలిగించినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు.

తిండి పెట్టడం మీద కాలనీలలో జరిగే గొడవలకు కూడా నియమాలలో దారి ఉంది. పిల్లలు ఆడుకునే చోటు, మెట్లు, రాకపోకల ద్వారాలు కాకుండా ఒక స్థలాన్ని, పిల్లలు వృద్ధులు తిరగని వేళను సంఘమే నిర్ణయించాలి. కోడిమాంసం దుకాణం వ్యర్థాలను బయట పారేయనీయకుండా ఆపడం నా అనుభవంలో ఏ బండి రాకకన్నా ఎక్కువ ఫలితమిచ్చింది.

కుక్కలు తిరిగి వచ్చిన రోజున సంఘం పుస్తకంలో తేదీ, మెడపట్టీ అంకె, రంగు, చెవి గుర్తు రాసి ఉంచండి. రేబిస్ టీకా ప్రభావం శాశ్వతం కాదు కనుక, ఏడాది నిండే నెలలో ఆ పేజీ తెరిచి, ఆ కుక్కలకు మళ్లీ టీకా వేయమని పశువైద్య విభాగాన్ని పేరుపేరునా అడగండి.